కసావ్ పాటల్లో పాత సంగీతం ఎక్కడుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, వేరేలా అనుకోకు, ఈ పాటలు కొత్తగా విన్న ప్రతి ఒక్కరికీ వచ్చే డౌటే ఇది. పారిస్‌లో నీ రూమ్మేట్ గ్వాడెలూప్ కుర్రాడు, రోజూ కసావ్ పాటలు పెడతాడు, ఈ బ్యాండ్ మా దీవి పాత సంగీతాన్ని మోడర్న్ చేసింది అని గర్వంగా చెప్తాడు, నీకేమో సింథసైజర్లు, ట్రంపెట్లు, డిస్కో బేస్ తప్ప ఇంకేం వినపడట్లేదు, ఇందులో సంప్రదాయం ఎక్కడుంది, ఉత్త గొప్పలేనా అని అడిగావు. గొప్పలు కాదు. కాకపోతే నువ్వు వాయిద్యాల్లో వెతుకుతున్నావు, అది వాయిద్యాల్లో లేదు.

నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా లైవ్ సౌండ్ పని చేస్తున్నా, అంతకుముందు మన దగ్గర ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయించేవాణ్ణి. ఆంటిలీస్, అంటే ఆ కరీబియన్ దీవుల బ్యాండ్‌లకి మిక్స్ చేసేటప్పుడు వాళ్ళ డ్రమ్మర్లు, పర్కషన్ వాళ్ళు నన్ను కూర్చోబెట్టి చెప్పిన విషయాలే చాలావరకు ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

ముందు పాత సంగీతం అంటే ఏంటో తెలియాలి. గ్వాడెలూప్, మార్టినీక్ రెండూ కరీబియన్‌లో ఫ్రెంచ్ దీవులు, 1946 నుంచి ఫ్రాన్స్‌లో జిల్లాల లెక్క. చెరకు తోటలు, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు, 1848లో బానిసత్వం రద్దు, ఇదీ చరిత్ర. గ్వాడెలూప్‌లో ఆ తోటల్లో పుట్టిందే గ్వోకా. డ్రమ్ముని 'కా' అంటారు, పాత రోజుల్లో ఉప్పు మాంసం వచ్చే చెక్క పీపాలకి మేక తోలు బిగించి చేసేవాళ్ళు. అందులో రెండు రకాలు. బూలా అనేది లోతుగా మోగేది, దానికి పోతు మేక తోలు, దాన్ని పడుకోబెట్టి మీద కూర్చుని వాయిస్తారు, ఒకే దరువుని ఎక్కడా తప్పకుండా సాగదీయడమే దాని పని. మాకే అనేది పై శ్రుతిలో ఉండేది, పల్చటి ఆడ మేక తోలు, అది నిలబెట్టి ఉంటుంది. జనం గుండ్రంగా నిలబడతారు, ఒక్కొక్కరూ లోపలికొచ్చి మాకే ముందు డాన్స్ చేస్తారు, మాకే వాయించేవాడు వాళ్ళ పాదాలు చూస్తూ వాయిస్తాడు, అంటే డాన్సర్ వెంట డ్రమ్ము పోతుంది గానీ డ్రమ్ము వెంట డాన్సర్ పోడు. ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్ళు వంత పాడతారు. ఈ రాత్రి సభని లేవోజ్ అంటారు. తూంబ్లాక్, కలాజా, మెండే, గ్రాజ్, వూలే, పజంబెల్, లేవోజ్ అని ఏడు దరువులు చెప్తారు.

ఇప్పుడంటే గ్వోకాకి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది, స్కూళ్ళున్నాయి, టూరిస్టులకి చూపిస్తారు. 60లు, 70లలో అలా కాదు. 'మిజిక్ ఆ వ్యే నెగ్' అనేవాళ్ళు, పనికిమాలిన నల్లోళ్ళ పాట అని అర్థం, ఆ మాట అన్నది ఫ్రెంచ్ వాళ్ళే కాదు, చదువుకున్న దీవి వాళ్ళు కూడా. పిల్లల్ని లేవోజ్ వైపు పోనిచ్చేవాళ్ళు కాదు. వేలో అనే గొప్ప డ్రమ్మర్ ఉండేవాడు, అసలు పేరు మార్సెల్ లొలియా, ప్వాంత్-ఆ-పీత్ర్ వీధుల్లో వాయించుకుంటూ బీదరికంలోనే 1984లో పోయాడు, ఇప్పుడు అదే ఊళ్ళో ఆయన విగ్రహం ఉంది. మనకి ఈ కథ కొత్తేం కాదనుకో.

మరి 70లలో దీవి జనం డాన్సులకి ఏం వినేవాళ్ళంటే, హైతీ సంగీతం. హైతీలో 1955 ప్రాంతంలో నెమూర్ జాన్-బాతిస్త్ మొదలుపెట్టిన కొంపా అనే డాన్స్ సంగీతం ఆ చుట్టుపక్కల అన్ని దీవుల్నీ ఊపేసింది, తాబూ కొంబో లాంటి బ్యాండ్లు వస్తే హాళ్ళు నిండిపోయేవి. పక్క దీవి డొమినికా నుంచి ఎగ్జైల్ వన్ బ్యాండ్ వాళ్ళ కాదాన్స్ అనే డాన్స్ సంగీతం వచ్చింది, అదీ హిట్టే. గ్వాడెలూప్ బ్యాండ్లేమో డబ్బులు కావాలంటే కొంపా, కాదాన్స్ కాపీ కొట్టాల్సిందే. మన సొంత డాన్స్ సంగీతం ఏది అని అడిగితే పెద్దోళ్ళ బిగీన్ ఒకటి, అప్పటికే పాతపడింది, గ్వోకా ఒకటి, దాన్ని చూస్తే సిగ్గు. ఇది బాగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే కసావ్ వాళ్ళ పోటీ పారిస్ పాప్‌తోనో అమెరికాతోనో కాదు. మా ఊరి శనివారం రాత్రి డాన్సుని మేము గెల్చుకోవాలి, అదే వాళ్ళ లెక్క, అంతే. ఫారిన్ వాళ్ళకి నచ్చేలా ఫోక్‌ని అలంకరించి అమ్ముదాం అని మొదలుపెట్టలేదు.

పియర్-ఎదువార్ దెసిమూస్ అని ఒకాయన, అప్పటికే లె వికింగ్స్ అనే గ్వాడెలూప్ డాన్స్ బ్యాండ్‌లో పేరున్నవాడు. ఆయనా, ఫ్రెడ్డీ మార్షల్ అనే ఇంకో ఆయనా 1979లో పారిస్‌లో కూర్చుని ఈ ప్లాన్ వేశారు. వాళ్ళకి స్టూడియో తెలిసినవాడు కావాలి, అలా దొరికాడు జాకబ్ దెవార్యూ. పుట్టింది పారిస్‌లో, పెరిగింది కొంత గ్వాడెలూప్, కొంత మార్టినీక్, కొంత సెనెగల్, గిటార్ పట్టింది రాక్ వాయించడానికి, తిండి పెట్టింది స్టూడియో సెషన్లు. అంటే గ్వోకా లోపల పుట్టి పెరిగిన మనిషి కాదు. నాకైతే ఇదే ప్లస్ అయిందనిపిస్తుంది, ఆయనకి ఏదీ పవిత్రం కాదు, ఏ ట్రాక్ ఏ ఫ్రీక్వెన్సీలో కూర్చోవాలో తెలుసు, మిగతాది దెసిమూస్ అన్నదమ్ములు చూసుకున్నారు. తమ్ముడు జార్జ్ దెసిమూస్ బేస్ వాయించాడు.

మొదటి ఆల్బమ్ పేరే 'లవ్ అండ్ కా డాన్స్', 1979. పేరులోనే కా పెట్టారు. కానీ విను, డిస్కో వాసన గట్టిగా కొడుతుంది, అప్పటి కాలం అది. నిజం చెప్పాలంటే అందులో పాతా కొత్తా పక్కపక్కన నిలబడి ఉంటాయి, కలవలేదు. కలవడానికి ఇంకో నాలుగైదు ఏళ్ళు, కొన్ని ఆల్బమ్‌లు పట్టాయి. చాలామంది బ్యాండ్లు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు, ఫోక్ పాట తీసుకుని కింద డ్రమ్ కిట్, పక్కన గిటార్ పెట్టి ఫ్యూజన్ అంటారు, నేను మిక్స్ చేసినవాటిల్లో సగం అవే.

వీళ్ళు ఆగకుండా ఏం చేశారంటే, ఇదే నీ ప్రశ్నకి అసలు జవాబు, వాయిద్యాన్ని వదిలేసి అది చేసే పనిని పట్టుకున్నారు. బూలా పని ఏంటి, నేల పరవడం. ఆ పని కిక్ డ్రమ్‌కీ బేస్‌కీ ఇచ్చారు. మాకే పని ఏంటి, డాన్సర్‌తో మాట్లాడటం, మధ్యలో కోసి జవాబివ్వడం. ఆ పని ట్రంపెట్, ట్రోంబోన్ సెక్షన్‌కీ, దెవార్యూ గిటార్‌కీ వెళ్ళింది. పాడేవాడు ఒక లైను అంటే వంత గుంపు ఇంకో లైను, అది అచ్చం లేవోజ్‌లో ఉన్నట్టే ఉంచేశారు. నువ్వు విన్న ట్రంపెట్ల గోల ఉందే, అది అలంకారం కాదు, మాకే మాట్లాడుతోంది అనుకుని మళ్ళీ విను.

దరువు విషయానికొస్తే, గ్వోకా ఏడు దరువుల్లో ఏదో ఒకటి తీసుకున్నారని అందరూ అనుకుంటారు గానీ జూక్‌కి, అంటే కసావ్ తయారుచేసిన ఈ కొత్త సంగీతానికి, పునాది ఎక్కువగా కార్నివాల్ నుంచి వచ్చింది, 'మాస్ ఆ సెన్‌జాన్' అంటారు. కార్నివాల్‌లో గుంపులు గుంపులుగా తోలు డ్రమ్ములు కొట్టుకుంటూ వీధుల్లో దాదాపు పరిగెత్తినట్టు నడుస్తారు, దానికి వాయించే దరువు అది. దెసిమూస్ దీన్నే ఎంచుకోవడం చాలా తెలివైన పని. గ్వోకా దరువులు ఎదురుగా ఒక డాన్సర్ ఉంటే వికసించేవి, హాల్లో వెయ్యి మంది డాన్స్ చేయాలంటే అందరి కాళ్ళూ ఒకేసారి కదిలించే దరువు కావాలి, మాస్ పుట్టిందే అందుకు.

దాని మీద రెండో పొర మార్టినీక్‌ది. అక్కడి బెలే సంగీతంలో డ్రమ్మరు డ్రమ్ము మీద ఎక్కి కూర్చుంటే వెనక ఇంకొకడు అదే డ్రమ్ము చెక్క మీద రెండు పుల్లలతో కొడుతుంటాడు, తీ బ్వా అంటారు, చిన్న కర్రలు. షువాల్ బ్వా అని రంగులరాట్నం దగ్గర వాయించే సంగీతం ఉంది, అందులోనూ ఇదే పుల్లల దరువు. జూక్ పాటలో ఎప్పుడూ పైన పొడిగా టక్ టక్ అని వినపడే రిమ్ దెబ్బ, అంటే డ్రమ్ము అంచు మీద కొట్టే దెబ్బ, ఉంటుంది చూడు, అది ఈ తీ బ్వాయే. లెక్క మనకి చాలా ఈజీ. ఎనిమిది అక్షరాలు, తకిట తకిట తక, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద దెబ్బ. పాట పెట్టి నోటితో అను, రెండో లైనుకల్లా అతుక్కుంటుంది. ఈ మూడు-మూడు-రెండు కరీబియన్ అంతా ఉంటుంది, వీళ్ళ సొత్తేం కాదు, కానీ మాస్ నేల మీద దాన్ని అంత పైన, అంత పొడిగా, పాట మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా పెట్టడం మాత్రం వీళ్ళ సంతకం. మిక్సింగ్ చేసేవాడిగా ఒక మాట, జూక్ బ్యాండ్‌కి సౌండ్ చేసేటప్పుడు ఆ రిమ్ కొంచెం కిందికి దించావనుకో, అంతా శుభ్రంగానే వినపడుతుంది గానీ జనం కాళ్ళు ఆగిపోతాయి, స్టేజి మీద నుంచి డ్రమ్మరు కళ్ళతోనే తిడతాడు.

ఇంకో సంగతి, ఈ రెండు పొరలు కలవడానికి రెండు దీవుల మనుషులు కలవాలి. గ్వాడెలూప్, మార్టినీక్ మధ్య పోటీ, ఎకసెక్కాలు తరతరాలుగా ఉన్నాయి, నీ రూమ్మేట్‌ని కదిలించి చూడు. కసావ్‌లో గ్వాడెలూప్ వైపు నుంచి దెసిమూస్ అన్నదమ్ములు, దెవార్యూ, పాట్రిక్ సాంతెలువా, మార్టినీక్ వైపు నుంచి జోస్లిన్ బెరోఆర్, జాన్-ఫిలిప్ మార్తెలీ, కీబోర్డుల మీద జాన్-క్లోద్ నైమ్రో. పారిస్‌లో ఉండబట్టే ఇది కుదిరింది, అక్కడ దీవుల్లో ఉంటే ఎవరి బ్యాండు వాళ్ళదే. నైమ్రో సంగతి చెప్పాలంటే మామూలోడు కాదు, తర్వాత 1993లో ఇంగ్లిష్ రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ వరల్డ్ టూర్‌లో కీబోర్డులు వాయించాడు.

భాష మాత్రం ముట్టుకోలేదు. ఇంటి భాష క్రియోల్, బడిలో ఫ్రెంచ్, క్రియోల్ మాట్లాడితే మొట్టికాయలు, అలాంటి టైంలో పెద్ద రికార్డు కంపెనీ కాంట్రాక్ట్ వచ్చాక కూడా క్రియోల్‌లోనే పాడారు. ఫ్రాన్స్ రేడియోలకి ఫ్రెంచ్ పాట ఒకటి పడేస్తే ఇంకా ఎక్కువ అమ్ముడయ్యేదేమో. నా ఉద్దేశంలో వీళ్ళు చేసిన పెద్ద పని ఇది, సింథసైజర్ ఎవడైనా కొంటాడు.

1984లో 'యెలెలే' అనే ఆల్బమ్ వచ్చింది, అందులో 'జూక్-లా సే సెల్ మెదికమాన్ ను నీ' అనే పాట, జూక్ ఒక్కటే మనకున్న ఔషధం అని. అది పేలింది, ఇక ఆ తర్వాత వెనక్కి చూసుకోలేదు. అంతకుముందు జూక్ అంటే పార్టీ అనే అర్థంలో వాడే మాట, ఈ పాట తర్వాత ఒక సంగీతం పేరైపోయింది. అయితే నువ్వు యాప్‌లో కసావ్ అని కొట్టి ఈ ఆల్బమ్ వెతికితే దొరక్కపోవచ్చు, ఎందుకంటే అట్ట మీద కసావ్ అని లేదు, జాకబ్ దెవార్యూ, జార్జ్ దెసిమూస్ అని ఉంటుంది. వీళ్ళ డిస్కోగ్రఫీ అంతా ఇదే తలనొప్పి. సభ్యులు తలా ఒక సోలో ఆల్బమ్ వేసేవాళ్ళు, లోపల వాయించేది మాత్రం అదే గుంపు. జోస్లిన్ బెరోఆర్ 1986 ఆల్బమ్ 'సివో' కూడా అంతే, పేరు ఆవిడది, బ్యాండ్ కసావ్, దానికి గోల్డ్ డిస్క్ వచ్చింది. ఆవిడ పాట తప్పకుండా విను, డాన్స్ సంగీతంలో ఆడవాళ్ళు వెనక కోరస్‌కే పరిమితమైన చోట ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. 1987లో సీబీఎస్ రికార్డు కంపెనీతో 'వినీ పూ', 1989లో 'మజెస్టిక్ జూక్'. అదే 1989లో అమెరికా జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'అమాండ్లా' వచ్చింది, అందులో జూక్ ఛాయలు ఉన్నాయని జాజ్ వాళ్ళే చెప్తారు, విని చూడు, దరువు దగ్గర దొరికిపోతుంది.

అందరూ చప్పట్లు కొట్టలేదు, అదీ చెప్పాలి. గ్వోకాని మోడర్న్ చేయాలని కసావ్‌కి ముందే బయల్దేరినవాడు జెరార్ లొకెల్, జాజ్ గిటారిస్ట్, ఫ్రాన్స్‌లో పనిచేసి 60ల చివర్లో తిరిగి దీవికి వెళ్ళిపోయాడు. ఆయన దారి పూర్తిగా వేరు, గ్వోకా పాటల స్వరాలు యూరప్ మేజర్-మైనర్ లెక్కలోకి రావు, ఆ స్వరాల నుంచే కొత్త సంగీతం కట్టాలి అని, 1981లో దాని మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆయనకి ఇది స్వాతంత్ర్య పోరాటంలో భాగం. ఆ కళ్ళతో చూస్తే కసావ్ చేసింది దరువు తీసుకుని పైన పాశ్చాత్య కార్డులు పరిచిన వ్యాపారం. ఇంకోపక్క అకియో లాంటి గుంపులు అదే మాస్ దరువుని కరెంటు వాయిద్యం ఏదీ లేకుండా తోలు డ్రమ్ములతోనే వీధుల్లోకి మళ్ళీ తెచ్చాయి. మార్టినీక్‌లో మలవ్వా వాళ్ళు వయొలిన్లతో పాత సలాన్ పాటల్ని కొత్తగా చేశారు, దెదే సెన్-ప్రీ షువాల్ బ్వాని స్టేజికి ఎక్కించాడు. అంటే ఆ పదేళ్ళలో ఒకే సమస్యకి నాలుగైదు జవాబులు ఒకేసారి నడిచాయి.

లొకెల్ వాదన తప్పని నేను అనను. స్వరం దగ్గర కసావ్ నిజంగానే రాజీపడింది, గ్వోకా పాటలో ఉండే ఆ అటూ ఇటూ కాని స్వరాలు కీబోర్డు కార్డుల కింద చదునైపోయాయి. అయితే లొకెల్ సంగీతం వినడానికి కూర్చోవాలి, కసావ్ పాటకి లేచి నిలబడాలి. గ్వోకా అంటే సిగ్గుపడిన జనానికి ముందు కాళ్ళ ద్వారానే సిగ్గు పోయిందని నేను అనుకుంటా. 80ల తర్వాత పుట్టిన పిల్లలు చాలామంది కసావ్ విని, ఈ దరువు ఎక్కడిది అని వెతుక్కుంటూ కా నేర్చుకోవడానికి వెళ్ళారు, నాకు తెలిసిన డ్రమ్మర్లలోనే అలాంటివాళ్ళు ఉన్నారు. గ్వోకా పెద్దవాళ్ళు కొందరు ఈ మాట ఒప్పుకోరు, నీ రూమ్మేట్ వాళ్ళ తాతగారు ఉంటే అడుగు, నాకంటే బాగా తిడతారు.

నాకు అసలు బాధ కలిగేది కసావ్ తర్వాత వచ్చినదాంతో. సాంతెలువా నెమ్మది పాటలు బాగా పాడేవాడు, గొంతులో తేనె. ఆ దారిలో జూక్ లవ్ అని వచ్చింది. మొదట్లో బానే ఉంది, తర్వాత 90లలో ఒక కీబోర్డు, ఒక డ్రమ్ మెషీన్, ఒక ప్రేమ విలాపం, పది రోజుల్లో ఆల్బమ్ అన్నట్టు కుప్పలు తెప్పలుగా వచ్చేశాయి. మాకే పని చేయడానికి ట్రంపెట్లు లేవు, వంత లేదు, తీ బ్వా ఉంది గానీ గడియారంలా కొట్టుకుంటుంది. నువ్వు డిస్కోలా ఉంది అన్నావే, నువ్వు విన్నవాటిల్లో కొన్ని ఈ బాపతువేమో కూడా, ప్లేలిస్టుల్లో అన్నీ కలిపేస్తారు.

ఆఫ్రికా సంగతి వదిలేస్తే జవాబు సగమే. 80ల మధ్య నుంచి కసావ్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా తిరిగారు, అక్కడ స్టేడియాలు నిండాయి. అంగోలాలో సెంబా అనే సొంత సంగీతం ఉంది, దానికి జూక్ తగిలి కిజోంబా వచ్చింది, కేప్ వెర్డే వాళ్ళు తమ రకం జూక్ తాము చేసుకున్నారు. ఓడల్లో గొలుసులతో పోయిన దరువు స్టూడియోలో రికార్డయి అదే తీరానికి తిరిగి చేరిందన్నమాట. బ్రెజిలియన్ జూక్ డాన్స్ క్లాసులని నీ యూనివర్సిటీ దగ్గర పోస్టర్లు కనపడతాయి, అది లంబాడా అనే బ్రెజిల్ డాన్స్ నుంచి వచ్చిన వేరే డాన్స్, అక్కడికెళ్ళి కసావ్ గురించి అడిగితే బిత్తరపోతారు.

మనవాళ్ళ లింకు ఏమైనా ఉందా అని చివర్లో అడిగావు. గ్వాడెలూప్‌కి 1854 డిసెంబర్‌లో మొదటి కూలీ ఓడ ఇండియా నుంచి చేరింది, తర్వాత ముప్పై అయిదేళ్ళలో 40,000 మందికి పైగా వెళ్ళారు, ఎక్కువ భాగం తమిళులు, అక్కడి కొలొంబో కూర మసాలా వాళ్ళదే. జూక్‌లో మాత్రం ఆ జాడ పెద్దగా లేదు, లేనిది ఉందని చెప్పను. అలాంటిది కావాలంటే హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి వైపు చూడు. అక్కడికి మొదట వెళ్ళిన భారతీయ కూలీల్లో 1820ల చివర్లో మన యానాం నుంచి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. అక్కడి పాత సంగీతం మలోయా, దానికీ చాలాకాలం ఇదే అవమానం, 2009లో యునెస్కో గుర్తింపు. జిస్కకాన్ అనే బ్యాండ్ విను, అదీ 1979లోనే మొదలైంది, దాని లీడర్ జిల్బేర్ పునియా తమిళ మూలాలున్నవాడు, మలోయాలోకి తబలా, సితార్ తెచ్చాడు. అక్కడ పద్ధతి వేరు, విడిగా ప్రశ్న పెట్టు రాస్తా.

ఇక వినే వరుస. కసావ్‌తో మొదలుపెట్టకు. ముందు గీ కొంకే అనే గ్వోకా గాయకుడి పాటలు కొన్ని, డ్రమ్ములూ గొంతూ తప్ప ఏమీ ఉండవు, బూలా ఏది మాకే ఏది చెవి విడదీసేదాకా విను, మాకే ఎప్పుడూ పైన గంతులేస్తుంటుంది కాబట్టి తొందరగానే తెలుస్తుంది. తర్వాత అకియో, మాస్ దరువు బట్టలిప్పి నిలబెట్టినట్టు ఉంటుంది. తర్వాత మార్టినీక్ బెలే ఏదైనా ఒకటి, పుల్లల శబ్దం కోసం. అప్పుడు 'లవ్ అండ్ కా డాన్స్' ఒకసారి చాలు, వెంటనే 'యెలెలే', ఆ తర్వాత 'సివో', 'వినీ పూ'. వీలైతే లైవ్ రికార్డింగులు, స్టూడియోలో అణిగి ఉన్నదంతా లైవ్‌లో బయటికొస్తుంది, జనం వంత పాడటం కూడా వినపడుతుంది. ఫోన్ స్పీకర్లో వినకు బాబూ, బేస్ పోతే కింద నేలే పోయినట్టు, నీకు మళ్ళీ సింథసైజర్లే మిగులుతాయి.

కసావ్‌ని పాత లైనప్‌తో చూసే అదృష్టం ఇక లేదు. సాంతెలువా 2010లో పోయాడు, దెవార్యూ 2021 జూలై 30న గ్వాడెలూప్‌లో కోవిడ్‌తో పోయాడు. 2009లో ముప్పై ఏళ్ళ పండగ స్టాద్ ద ఫ్రాన్స్‌లో, 2019లో నలభై ఏళ్ళది లా దెఫాన్స్ అరీనాలో చేశారు, ఆ వీడియోలు వెతుక్కో. కానీ లేవోజ్‌కి మాత్రం నువ్వు వెళ్ళొచ్చు, పారిస్ చుట్టుపక్కల ఆంటిలీస్ వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ సంఘాలు పెడుతుంటాయి, నీ రూమ్మేట్‌ని పట్టుకో, తీసుకెళ్తాడు. వెళ్తే మాకే వాయించేవాడి పక్కన కాదు, డాన్సర్ పాదాలు కనపడేచోట నిలబడు. వచ్చాక ఏ పాట దగ్గర చిక్కుపడ్డావో కింద రాయి, ఏ నిమిషం దగ్గర ఏది వినాలో చెప్తా.